మంచి కోచ్ వెళ్ళిపోతాడేమోనని టెన్షన్ పడుతున్న తమ్ముడికి

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది: "అన్నా, మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌ని మా కోచ్ మూడేళ్ళలో ఎక్కడికో తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఒక పెద్ద యూనివర్సిటీలో పోస్టు ఖాళీ అయింది, ఎవరి నోట విన్నా ఈయన పేరే. ప్రెస్‌మీట్‌లో అడిగితే నా దృష్టంతా శనివారం ఆట మీదే అంటున్నాడు. నమ్మవచ్చా? ఆయన వెళ్తే మా పని అయిపోయినట్టేనా? మేం చేయగలిగేది ఏమైనా ఉందా? వచ్చే ఏడాది సీజన్ పాస్ ఇప్పుడే కొనాలా, ఆగాలా?"

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. వాషింగ్టన్ యూనివర్సిటీ హస్కీస్ టీమ్‌ని క్రిస్ పీటర్సన్ కోచ్‌గా ఉన్న రోజుల నుంచి చూస్తున్నాను. నువ్వు పడుతున్న ఈ బాధ మా దగ్గర 2024 జనవరిలో పూర్తి స్థాయిలో జరిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పాల్సింది చెప్తాను. కోచ్ ముఖం చూసి, మాటలు విని ఏదో తేల్చుకోవాలని చూడకు. ఆయన ఉంటాడా పోతాడా అన్నది నీ చేతిలోనూ లేదు, నీకు ముందుగా తెలిసే దారీ లేదు. వెళ్తే మీ టీమ్ నిలబడుతుందా కూలుతుందా అన్నది మాత్రం రెండు చోట్ల తేలుతుంది: ఆటగాళ్ళ లాకర్ రూమ్‌లో, అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ ఆటల విభాగం అధిపతి) గదిలో. నీ కళ్ళు అక్కడ పెట్టు.

ఇక ప్రెస్‌మీట్ మాటలు. "శనివారం ఆట మీదే దృష్టి" అన్నాడంటే ఆయన ఔననలేదు, కాదనలేదు. సీజన్ మధ్యలో ఉన్న ఏ కోచైనా అదే అంటాడు, వెళ్ళాలని లేనివాడు కూడా. గట్టిగా "వెళ్ళను" అన్నా అంతే. 2006 డిసెంబరులో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి కోచ్‌గా ఉన్న నిక్ సేబన్, అలబామా యూనివర్సిటీకి వెళ్ళేది లేదని తెగేసి చెప్పాడు. 2007 జనవరి మొదటి వారానికల్లా అలబామా కోచ్ అయ్యాడు. 1998లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) కోచ్ టామీ టబర్‌విల్, తను అక్కడి నుంచి వెళ్ళడమంటూ జరిగితే శవపేటికలోనే అన్నట్టు మాట్లాడి, కొద్ది రోజులకే ఆబర్న్‌కు మారాడు. వీళ్ళందరూ అబద్ధాలకోరులని నేను అనను. లోపల ఒప్పందం మాట్లాడుతూ బయట ఔనని చెప్తే ఆ రోజే టీమ్ చెదిరిపోతుంది. చెప్పకపోతే నమ్మినవాళ్ళు నొచ్చుకుంటారు. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి నోటి మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు, అంతే.

ఈ గొడవంతా సరిగ్గా టీమ్ బాగా ఆడుతున్నప్పుడే ఎందుకొస్తుందో అర్థం చేసుకుంటే సగం కోపం తగ్గుతుంది. రెగ్యులర్ సీజన్ థాంక్స్‌గివింగ్ వారంతో ముగుస్తుంది. హైస్కూల్ ఆటగాళ్ళు యూనివర్సిటీల్లో చేరతామని సంతకాలు పెట్టే గడువు డిసెంబరు మొదటి వారంలోనే మొదలవుతుంది. జనవరిలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఆటగాళ్ళు వేరే యూనివర్సిటీకి మారడానికి పేరు పెట్టుకునే జాబితా, తెరుచుకుంటుంది. కోచ్ లేని యూనివర్సిటీ ఆ తేదీలు దాటనిస్తే ఒక ఏడాది బ్యాచ్ మొత్తం పోయినట్టే, కాబట్టి నవంబరు చివరికల్లా ఎవరో ఒకరిని పట్టుకోవాలి. మరోవైపు జాతీయ విజేతను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్ డిసెంబరు మూడో వారంలో మొదలై జనవరి దాకా సాగుతుంది. అంటే బాగా ఆడిన కోచ్‌కి, అసలు పరీక్ష ఇంకా ముందుండగానే ఫోన్లు మొదలవుతాయి. ఇది మనుషుల గుణం కన్నా క్యాలెండర్ తప్పు. ఈ క్యాలెండర్‌ని మార్చకుండా కోచ్‌లను తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని నా గట్టి అభిప్రాయం.

మీ గ్రూపులో చాలామంది "బైఅవుట్ ఉంది కదా, ఎలా వెళ్తాడు" అంటున్నారని రాశావు. బైఅవుట్ అంటే కాంట్రాక్ట్ మధ్యలో వెళ్ళిపోతే పాత యూనివర్సిటీకి కట్టాల్సిన సొమ్ము. కాగితం మీద అది కోచ్ కట్టాలి, నిజానికి ఆయన్ని తీసుకెళ్ళే యూనివర్సిటీ కడుతుంది. అప్పటి మా కోచ్ కేలెన్ డిబోర్ విషయంలో అది 1.2 కోట్ల డాలర్లు. అలబామాకు అది లెక్కలోకే రాలేదు. పనిచేస్తున్న కోచ్‌ని తీసేయడానికే కోట్లు పోసే యూనివర్సిటీలున్నాయి: టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023 నవంబరులో జింబో ఫిషర్‌ని తొలగించినప్పుడు ఇవ్వాల్సిన సొమ్ము 7.5 కోట్ల డాలర్ల పైమాటే. వాళ్ళ ముందు కోటి డాలర్ల బైఅవుట్ గోడ కాదు, గడప మాత్రమే.

అయితే చూడదగ్గ గుర్తులు అసలు లేవా అంటే, కొన్ని ఉన్నాయి. సంతకం పడని కాంట్రాక్ట్ వాటిలో మొదటిది. కొత్త ఒప్పందం మీద చర్చలు నడుస్తున్నాయని నెల తరబడి వార్తలొస్తూ సంతకం మాత్రం పడకపోతే, అడ్డుపడుతున్నది డబ్బు ఒక్కటే అనుకోకు. డిబోర్ విషయంలో మేం చూసింది అదే. రెండోది, కోచ్ అడుగుతున్నది ఏమిటన్నది. తన జీతం గురించి అడిగితే అది బేరం. అసిస్టెంట్ల జీతాలు, ఆటగాళ్ళకు ఇచ్చే నిధి, ప్రాక్టీస్ వసతులు అడుగుతుంటే, ఉండాలనుకుంటున్నాడని ఆశ పెట్టుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచే వీలు వచ్చింది, తొలి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఆ పరిమితి దాకా ఇవ్వగలిగే చోటికీ ఇవ్వలేని చోటికీ మధ్య తేడాను కోచ్‌లు రోజూ చూస్తున్నారు. మీ యూనివర్సిటీ ఆ నిధిలో ఎంత పెడుతోందో స్థానిక పత్రికల్లో వెతుకు. అది కోచ్ ఇంటర్వ్యూల కన్నా ఎక్కువ చెప్తుంది.

విమానాల ట్రాకింగ్ మాత్రం మానేయి. మేం అదీ చేశాం.

మా కథ చెప్తాను. డిబోర్ 2021 చివర్లో ఫ్రెస్నో స్టేట్ నుంచి మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి మాది 4-8తో (నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు) ముగిసిన, సీజన్ మధ్యలోనే కోచ్‌ని తీసేసిన టీమ్. మరుసటి ఏడాదే 11-2. ఇండియానాలో ఆయన దగ్గర ఆడిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) మైకల్ పెనిక్స్, వరుస గాయాలు దాటుకుని ఆయన్ని నమ్మి ఇక్కడికి వచ్చాడు. 2023లో ఒక్క ఆట కూడా ఓడకుండా ప్లేఆఫ్‌కి వెళ్ళి, న్యూ ఆర్లీన్స్‌లో టెక్సస్‌ని 37-31తో ఓడించి ఫైనల్‌కి చేరాం. 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో మిషిగన్ చేతిలో 34-13తో ఓడాం. ఆ ఓటమి బాధ తగ్గకముందే, 10వ తేదీ బుధవారం అలబామాలో నిక్ సేబన్ రిటైర్మెంట్ ప్రకటించాడు. శుక్రవారం, 12వ తేదీ, డిబోర్ అలబామా కోచ్. ఫైనల్ ఆడిన నాలుగో రోజు.

ఆ శుక్రవారం సియాటిల్‌లో ఎముకలు కొరికే చలి. ఆఫీసు కెఫెటేరియాలో హస్కీస్ అభిమానులు ఎవరి ఫోన్ చూసినా ఒకే పని: అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసా నుంచి బయల్దేరిన ప్రైవేట్ విమానాల మ్యాప్. మా తెలుగు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకతను ఐదేసి నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ పెడుతున్నాడు. "ఇది డెన్వర్ దాటింది", "కాదు, అది వేరే కంపెనీ విమానం". ఇద్దరు మేనేజర్లు, ఒక డైరెక్టర్, ఎప్పుడూ పని తప్ప మరో మాట లేనివాళ్ళు, ట్రే ముందు పెట్టుకుని తినకుండా అదే చూస్తున్నారు. చివరికి వార్త విమానం వల్ల తెలియలేదు, ఆటగాళ్ళ మీటింగ్ నుంచి బయటికొచ్చింది. ఆటగాళ్ళకు తెలిసిన కొద్ది నిమిషాల్లోనే ఊరంతా తెలిసిపోయింది.

కోచ్ వెళ్ళడం ఒక్క రోజు దెబ్బ. మమ్మల్ని నిజంగా కుంగదీసింది తర్వాతి వారాలు. అప్పటి నిబంధన ప్రకారం హెడ్ కోచ్ మారితే ఆ టీమ్ ఆటగాళ్ళకు 30 రోజుల పాటు పోర్టల్ తలుపు తెరిచి ఉండేది (ఆ తర్వాత దాన్ని 15 రోజులకు కుదించారు). పొద్దున్నే లేవగానే ఈ రోజు ఎవరి పేరు చేరిందో చూడడం మా అందరికీ అలవాటైపోయింది. సెంటర్ పార్కర్ బ్రెయిల్స్‌ఫర్డ్, రిసీవర్ జెర్మీ బెర్నార్డ్ డిబోర్ వెనకే అలబామాకు వెళ్ళారు. పెనిక్స్, రోమ్ ఒడూన్జే, ట్రాయ్ ఫౌటాను లాంటివాళ్ళు ఎలాగూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేవాళ్ళే, ఆ లీగ్ కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. అంటే మా టీమ్ పై అంతస్తు డ్రాఫ్ట్‌కి పోతే, రేపటి కోసం పెట్టుకున్న కింది అంతస్తు పోర్టల్‌కి పోయింది. కొత్త కోచ్ జెడ్ ఫిష్ రెండు రోజుల్లోనే అరిజోనా నుంచి వచ్చాడు, ఆ వేగానికి అథ్లెటిక్ డైరెక్టర్ ట్రాయ్ డానెన్‌కి మెచ్చుకోలు ఇవ్వాల్సిందే. కానీ ఆ డైరెక్టరే మార్చిలో నెబ్రాస్కాకు వెళ్ళిపోయాడు. వచ్చి అర్ధ సంవత్సరం కూడా కాలేదు. 2024 సీజన్ 6-7తో ముగిసింది. 2025లో 9-4కి లేచాం. ఫైనల్ ఆడిన టీమ్‌కి 9-4 చిన్నగా కనిపించవచ్చు, ఆ శిథిలాలను చూసినవాళ్ళకు కాదు.

ఇక్కడ ఒక మాట మా వాళ్ళకు కూడా చాలాసార్లు చెప్పాను. మేం ఏడుస్తున్న ఆ వారాంతంలోనే అరిజోనా అభిమానులు మా వల్ల ఏడ్చారు. వాళ్ళ టీమ్ అంతకు ముందే 10-3తో మంచి సీజన్ ముగించుకుంది, మేం వాళ్ళ కోచ్‌ని తెచ్చుకున్నాం. అరిజోనా వెంటనే శాన్ హోసే స్టేట్ కోచ్ బ్రెంట్ బ్రెనన్‌ని తీసుకుంది. శాన్ హోసే స్టేట్ మరొకరిని వెతుక్కుంది. సేబన్ ఒక్కడు కుర్చీ దిగితే వారం రోజుల్లో దేశం ఆ చివర నుంచి ఈ చివరి దాకా కుర్చీలు కదిలాయి. మీ కోచ్ కూడా ఎక్కడో ఒక టీమ్‌ని వదిలే మీ దగ్గరికి వచ్చి ఉంటాడు. ఆ ఊరి అభిమానులు ఆ రోజు ఎలా ఉన్నారో ఒకసారి పాత వార్తలు తిరగేసి చూడు. ఓదార్పు కోసం చెప్పడం లేదు, ఆయన్ని ద్రోహి అనే ముందు చూడమంటున్నాను.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న: పని అయిపోయినట్టేనా? దీనికి ఈ మధ్య కాలంలో నేను చూసిన గొప్ప జవాబు ఓల్ మిస్. 2025లో లేన్ కిఫిన్ కింద ఆ టీమ్ రెగ్యులర్ సీజన్ 11-1తో ముగించింది, చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళబోతోంది. సరిగ్గా అప్పుడే, నవంబరు 30న, కిఫిన్ అదే కాన్ఫరెన్స్‌లోని (ఒకరితో ఒకరు ఆడే యూనివర్సిటీల కూటమి) ఎల్‌ఎస్‌యూకి, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి, వెళ్తున్నట్టు ప్రకటించాడు. ఏడేళ్ళ కాంట్రాక్ట్, ఏటా దాదాపు 1.3 కోట్ల డాలర్లు. ప్లేఆఫ్ అయ్యేదాకా ఓల్ మిస్‌కే కోచింగ్ ఇస్తానన్నాడు. అథ్లెటిక్ డైరెక్టర్ కీత్ కార్టర్ ఒప్పుకోలేదు. డిఫెన్స్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ బాధ్యత చూసే అసిస్టెంట్ కోచ్) పీట్ గోల్డింగ్‌ని తాత్కాలికంగా కాదు, శాశ్వత హెడ్ కోచ్‌గా ఆ రోజే నియమించాడు. ఆటగాళ్ళకు రేపు ఎవరు అన్న అనుమానం ఒక్క రాత్రి కూడా మిగల్చలేదు. క్వార్టర్‌బ్యాక్ ట్రినిడాడ్ చాంబ్లిస్ సహా ముఖ్యమైనవాళ్ళు ప్లేఆఫ్ దాకా నిలబడ్డారు. తొలి రౌండ్‌లో సొంత మైదానంలో టులేన్‌ని 41-10తో, జనవరి 1న షుగర్ బౌల్ పేరుతో జరిగిన క్వార్టర్‌ఫైనల్‌లో జార్జియాని 39-34తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్ళారు. అక్కడ మయామీ చేతిలో 31-27తో ఓడారు. కోచ్ వదిలేసిన టీమ్ ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో ఆగింది.

అదే ఓల్ మిస్‌లో 2022 సంగతి కూడా గుర్తుపెట్టుకో. అప్పుడు కిఫిన్ ఆబర్న్‌కు వెళ్తున్నాడని పుకార్లు. వెళ్ళలేదు, ఉండిపోయాడు. కానీ 8-1తో మొదలైన ఆ సీజన్ వరుసగా నాలుగు ఓటములతో 8-5 దగ్గర ముగిసింది. అన్నిటికీ పుకార్లే కారణమని నేను అనను, ఆ నాలుగింటిలో మొదటిది అలబామా చేతిలో. అయినా నా లెక్కలో, ఉండీ లేనట్టుండే కోచ్ కన్నా, వెళ్ళిపోయిన కోచ్ స్థానంలో గట్టిగా నిలబడ్డ అసిస్టెంట్ టీమ్‌కి మంచిది. ఇక్కడ నాతో విభేదించేవాళ్ళు చాలామంది ఉంటారు. టులేన్ వాళ్ళ కోచ్ జాన్ సమ్రల్ ఫ్లోరిడా పోస్టు ఒప్పుకున్నాక కూడా ప్లేఆఫ్ ఆడించాడు, అక్కడి అభిమానుల్లో చాలామంది దాన్ని గౌరవంగానే తీసుకున్నారు.

నోటర్ డేమ్‌ని కూడా చూడు. 2021 నవంబరు చివర బ్రయన్ కెల్లీ పదేళ్ళకు 9.5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్‌తో ఎల్‌ఎస్‌యూకి వెళ్ళాడు. యూనివర్సిటీ వారం తిరగకుండా మార్కస్ ఫ్రీమన్‌ని కోచ్ చేసింది. అతను ఆటగాళ్ళు కోరుకున్న మనిషి. పేరు ప్రకటించిన రోజు టీమ్ గదిలో వాళ్ళు కేకలు పెట్టి ఎగిరి గంతులేసిన వీడియో ఇప్పటికీ నెట్‌లో ఉంటుంది. 2025 జనవరిలో ఫ్రీమన్ టీమ్ జాతీయ ఫైనల్ ఆడింది. కెల్లీని ఎల్‌ఎస్‌యూ అదే ఏడాది అక్టోబరులో తీసేసింది.

అన్నీ ఇలా శుభంగా జరగవు. అరిజోనాలో ఫిష్ వెళ్ళాక క్వార్టర్‌బ్యాక్ నోవా ఫిఫిటా, రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్ ఇద్దరూ ఉండిపోయారు. ఎంతమంది ఆశ చూపినా కదల్లేదు. అయినా ఆ ఏడాది 4-8. ఆటగాళ్ళు నిలబడితే సరిపోదు, కొత్త పద్ధతి కుదురుకోవడానికి సమయం పడుతుంది. ఫిఫిటా తర్వాతి ఏడాదీ ఉన్నాడు, 2025లో 9-4. అలాంటి కుర్రాడిని ఆ ఊరు ఎప్పటికీ మర్చిపోదు. గెలుపు ఏడాదిలో చప్పట్లు కొట్టడం కన్నా, 4-8 ఏడాదిలో అలాంటి కుర్రాడి కోసం స్టేడియంకి వెళ్ళడమే అభిమానం అని నేను నమ్ముతాను.

కాబట్టి రేపు నిజంగా వార్త వస్తే నువ్వు చూడాల్సినవి: తాత్కాలిక కోచ్ ఎవరు, ఆటగాళ్ళకు ఆ మనిషి మీద గురి ఉందా, కోఆర్డినేటర్లలో ఎవరు ఉంటున్నారు, అథ్లెటిక్ డైరెక్టర్ ఎన్ని రోజుల్లో పేరు చెప్తాడు. రెండు మూడు రోజుల్లో పేరొస్తే ఆయన దగ్గర ముందే జాబితా ఉందన్నమాట. పది రోజులు గడిచినా కమిటీ, సెర్చ్ ఏజెన్సీ అంటుంటే అప్పుడు కంగారు పడు.

మీరు చేయగలిగేది ఉందా అన్నావు. ఉంది. శనివారం స్టూడెంట్ సెక్షన్ నింపండి. హోమ్ గేమ్ రోజున హైస్కూల్ ఆటగాళ్ళను యూనివర్సిటీ చూపించడానికి తీసుకొస్తారు. కోచ్ ఎవరైనా, ఆ పిల్లలు చూసేది మిమ్మల్నే. పోర్టల్ గురించి ఆలోచిస్తున్న ఆటగాడికి కూడా నిండిన స్టేడియం చెప్పే మాట వేరు.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. ఆటగాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్ళి ఉండమని బతిమాలొద్దు, వెళ్తే తిట్టొద్దు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడికి ఆ రోజు వేల మెసేజ్‌లు వస్తాయి, నీది ఇంకొకటి అక్కర్లేదు. ఇంకా చేరని రిక్రూట్లకు (యూనివర్సిటీలు పిలుస్తున్న హైస్కూల్ ఆటగాళ్ళకు) అసలే రాయొద్దు. అభిమానులు, దాతలు రిక్రూట్ల వెంటపడితే అది నిబంధనల ఉల్లంఘన కిందకు రావచ్చు, దెబ్బ మీ యూనివర్సిటీకే తగులుతుంది. కోచ్ భార్యాపిల్లల జోలికి పోవద్దు. 2010 జనవరిలో ఇదే కిఫిన్ ఒక్క సీజన్‌కే టెనెసీని వదిలినప్పుడు నాక్స్‌విల్‌లో విద్యార్థులు రోడ్డెక్కి పరుపులు తగలబెట్టారు. 2025లో ఓల్ మిస్ ఉన్న ఆక్స్‌ఫర్డ్ ఊరి విమానాశ్రయం కంచె దగ్గర నిలబడి తిట్టారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ దృశ్యాలు టీవీలో చూసేవాళ్ళలో తర్వాత మీ ఊరికి రావాల్సిన కోచ్ కుటుంబం కూడా ఉంటుంది. మీరు వీసా మీద ఉన్న విద్యార్థులు. అలాంటి గుంపులో ఉండి పోలీసు కేసు మీదికి తెచ్చుకోవద్దని అన్నగా గట్టిగా చెప్తున్నాను.

కోపం వస్తుంది, రావాలి కూడా. అయితే అది ఎల్లకాలం ఉండదు. పీటర్సన్ బోయిసీ స్టేట్‌లో ఎనిమిది సీజన్లు ఉండి 92 గెలిచాడు, 12 మాత్రమే ఓడాడు. ప్రతి శీతాకాలం ఎవరో ఒకరు పిలిచారు, ప్రతిసారీ కాదన్నాడు. 2013 డిసెంబరులో మా పిలుపుకి ఔనన్నాడు. మరుసటి సీజన్‌లోనే కొత్త కోచ్ బ్రయన్ హార్సిన్‌తో బోయిసీ ఫియెస్టా బౌల్ గెలిచింది. 2019లో పీటర్సన్ మా దగ్గర తన చివరి ఆట ఆడించింది లాస్ వేగస్‌లో, అదీ బోయిసీ స్టేట్ మీదే. ఆ రోజు రెండు వైపుల అభిమానులూ ఆయన్ని తమవాడిగానే చూశారు. ఎన్నేళ్ళున్నా చివరికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువని కూడా తెలుసుకో. అయోవా స్టేట్‌లో మాట్ క్యాంబెల్ చుట్టూ ఏటా పుకార్లే, ఏటా ఉండిపోయాడు. పది సీజన్ల తర్వాత, 2025 డిసెంబరులో, పెన్ స్టేట్‌కి వెళ్ళాడు. ఆ పదేళ్ళు అయోవా స్టేట్ ఉన్న ఎయిమ్స్ ఊరికి దక్కినవే.

చివరగా పాస్. మీది విద్యార్థి పాస్ అయితే ఇప్పుడే కొనేయి, తక్కువ ధర, నువ్వు చూడబోయేది నీ టీమ్‌ని. ఇద్దరు ముగ్గురు కలిసి మామూలు సీజన్ టికెట్లు తీసుకోవాలనుకుంటుంటే మాత్రం తొందరపడొద్దు. చాలా యూనివర్సిటీలు రెన్యువల్ గడువు వసంతం దాకా ఇస్తాయి, వాయిదాల్లో కట్టే ప్లాన్లూ ఉంటాయి. టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి గడువు ఎప్పుడో, డిపాజిట్ తిరిగి ఇస్తారో లేదో, సీటు మారే వీలుందో లేదో అడుగు. కోచ్ మారిన ఏడాది చాలామంది వదులుకుంటారు కాబట్టి మంచి వరసల్లో సీట్లు ఖాళీ అవుతాయి. 2024లో మాకు మైదానం మధ్యలో ఉండే యాభై గజాల గీతకు దగ్గరగా, నీడ పడే వైపు సీట్లు దొరికింది అలాగే, ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాం.